తుపాకీ నలుపు కూడా తుప్పే: పాత తుపాకీకి మెరుగు పెట్టించే ముందు

ఈ ఎపిసోడ్‌లో తుపాకీ ఉక్కు గురించి, దాని మీద కనిపించే ఆ నల్లటి మెరుపు గురించి మాట్లాడుకుందాం.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేశాను. అంటే తుపాకులు రిపేరు చేసేవాణ్ణి. బయటికొచ్చాక కొన్నాళ్ళు లైసెన్సున్న ఒక వర్క్‌షాపులో పనిచేశాను. నన్ను కలిసే లైసెన్సుదారుల్లో చాలామంది అడిగేది ఒకటే. "మా నాన్నగారి తుపాకీ సార్. తుప్పు పట్టింది. కొత్తదానిలా చేయించాలి. ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది?"

నేను చెప్పే జవాబు కూడా ఒకటే. కొత్తదానిలా చేయించే ముందు ఒక నెల ఆగండి. ముందు తుప్పుని ఆపండి. మెరుగు సంగతి తర్వాత చూద్దాం.

ఎందుకలా అంటున్నానో ఈ ఎపిసోడ్ అయ్యేలోపు మీకే తెలుస్తుంది. ఈ మాట నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. మా మావయ్య తుపాకీ పాడుచేసి నేర్చుకున్నాను. ఆ కథ మధ్యలో చెప్తాను.

ముందు రెండు జాగ్రత్తలు. తుపాకీ చేతిలోకి తీసుకోగానే అందులో తూటా లేదని కళ్ళతో చూడండి, వేలితో తడిమి చూడండి. నిన్ననే చూశాను కదా అనుకోవద్దు. రెండోది, మన దేశంలో తుపాకీ రిపేరు అనేది లైసెన్సు ఉన్నవాళ్ళు చేసే పని. 1959 నాటి ఆయుధాల చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. మీ తుపాకీని మీరు తుడుచుకోవచ్చు, నూనె రాసుకోవచ్చు. యాసిడ్లు, కాస్టిక్‌లతో చేసే పని మాత్రం లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరే చేయించాలి.

సరే, అసలు తుప్పు అంటే ఏంటి?

ఇనుముకి నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కూడా తోడైతే పని ఇంకా వేగంగా జరుగుతుంది. మన కోస్తాలో ఆ మూడూ దండిగా ఉన్నాయి. సముద్రపు గాలిలో ఉప్పుంది. మన చేతి చెమటలో కూడా ఉప్పుంది. కొందరి చెమటకి ఈ గుణం మరీ ఎక్కువ. వాళ్ళు పట్టుకున్న చోట మర్నాటికల్లా వేలిముద్రలు ఎర్రగా తేలతాయి.

ఎర్ర తుప్పుతో వచ్చిన చిక్కేంటంటే, అది పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే ఉబ్బుతుంది, పొరలు పొరలుగా రాలుతుంది. పొర రాలగానే కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది. పైగా ఆ తుప్పు స్పాంజిలా తేమని పట్టి ఉంచుతుంది. కొన్నాళ్ళకి అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటని ఏ మెరుగూ పూడ్చలేదు.

ఇంకో రకం ఉంది, నల్ల ఆక్సైడు. దాన్నే మాగ్నెటైట్ అంటారు. అయస్కాంతపు రాయి ఉంటుంది చూడండి, అదే పదార్థం. ఇది ఎర్ర తుప్పులా రాలిపోదు, ఉక్కుని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. తుపాకీ మీద మీరు చూసే నీలి నలుపు ఇదే. బ్లూయింగ్ అనే మాట వినే ఉంటారు. అది పెయింటు కాదు, పూత కాదు. ఉక్కు పైపొరనే మనం కావాలని నల్ల ఆక్సైడుగా మార్చడం. ఒక రకంగా చెప్పాలంటే, మన అదుపులో పట్టించిన తుప్పు.

ఆ పొర మందం ఎంతో తెలుసా? మైక్రాన్లలో ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఒకటి రెండు మైక్రాన్ల పొర అంటే మన తల వెంట్రుక మందంలో చాలా చిన్న భాగం. దానికి సూక్ష్మమైన రంధ్రాలు కూడా ఉంటాయి. కాబట్టి ఆ నలుపు ఒక్కటే తుపాకీని కాపాడలేదు. ఆ రంధ్రాల్లో నిలిచే నూనె కాపాడుతుంది.

మీ ఇంట్లో అట్ల పెనం గుర్తు చేసుకోండి. ఏళ్ళ తరబడి వాడిన ఇనప పెనం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని సబ్బుతో బరబరా తోమి, తడి తుడవకుండా, నూనె చుక్క వేయకుండా వదిలేయండి. తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పెనం నలుపూ తుపాకీ నలుపూ ఒకటి కాదు గానీ బుద్ధి మాత్రం ఒకటే. నూనె లేకపోతే నిలవదు.

ఇప్పుడు ఈ నలుపు తెప్పించే పద్ధతులు చూద్దాం. వీటి తేడా తెలియకపోవడం వల్లే తుపాకులు పాడవుతాయి.

మొదటిది, పాత పద్ధతి. నెమ్మదిగా తుప్పు పట్టించి నల్లబరచడం. స్లో రస్ట్ బ్లూయింగ్ అంటారు. గొట్టాన్ని జిడ్డు చుక్క లేకుండా శుభ్రం చేస్తారు. లోపలికి మందు పోకుండా రెండు చివరలా బిరడాలు బిగిస్తారు. పైన పల్చగా యాసిడ్ ద్రావణం రాసి, తేమ ఉన్న పెట్టెలో కొన్ని గంటలు వేలాడదీస్తారు. సన్నటి ఎర్ర తుప్పు లేస్తుంది. అప్పుడు దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో పావుగంటో ఇరవై నిమిషాలో మరిగిస్తారు. ఎర్ర తుప్పు కాస్తా నల్లగా మారిపోతుంది! పైన నిలిచిన వదులు పొడిని మెత్తటి తీగల బ్రష్‌తో తీసేస్తారు. మళ్ళీ మందు, మళ్ళీ తుప్పు, మళ్ళీ మరిగించడం. ఇలా ఆరేడు సార్లు, ఒక్కోసారి పది సార్లు చేస్తే గానీ నిండైన రంగు రాదు. వారం పది రోజుల పని. మంచి పాత ఇంగ్లీషు షాట్‌గన్‌ల గొట్టాలు చాలావరకు ఇలా చేసినవే. మరిగించకుండా ఎర్ర తుప్పునే రుద్ది రుద్ది నిలబెడితే గోధుమరంగు వస్తుంది. దాన్ని బ్రౌనింగ్ అంటారు, అది ఇంకా పాతది.

రెండోది హాట్ బ్లూయింగ్. కాస్టిక్ సోడా, దానితో పాటు నైట్రేటు లవణాలు నీళ్ళలో కలిపి మరిగిస్తారు. లవణాలు అంత దట్టంగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర కాదు, 135 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య మరుగుతాయి. అందులో భాగాలు ముంచి ఇరవై నిమిషాలో అరగంటో ఉంచితే చాలు. అరపూటలో పని అయిపోతుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఫ్యాక్టరీలు దీనికి మారాయి. చూడ్డానికి అందంగా, ఒకేలా ఉంటుంది. కానీ ఆ ద్రావణం ఒంటి మీద పడితే చర్మం, కండ కూడా మిగలదు. వేడి కాస్టిక్‌లో నీళ్ళు గబుక్కున పోస్తే పేలినట్టు చిమ్ముతుంది. అల్యూమినియం భాగం ఒక్కటి పొరపాటున అందులో పడినా కరిగిపోయి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. దయచేసి ఇంటి పెరట్లో ఈ ప్రయోగం చేయకండి.

మూడోది ఫాస్ఫేట్ పూత. పార్కరైజింగ్ అంటారు. 1906లో థామస్ కాస్లెట్ అనే ఇంగ్లీషాయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అమెరికాలో పార్కర్ కంపెనీ దాన్ని బాగుచేసి వాడుకలోకి తెచ్చింది, ఆ పేరే స్థిరపడింది. జింక్ గానీ మాంగనీసు గానీ కలిపిన ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణాన్ని మరిగే స్థితికి కాస్త కిందుగా వేడి చేసి అందులో ముంచుతారు. ఉక్కు మీద సన్నటి స్ఫటికాల పొర ఏర్పడుతుంది. మెరవదు, బూడిదరంగులో గరుగ్గా ఉంటుంది. అందం తక్కువ గానీ నూనెని దూదిలా పట్టి ఉంచుతుంది. సైనికుడికి మెరుపు అక్కర్లేదు కదా. మెరిస్తే ఎదుటివాడికి కనిపిస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు మోసిన గారండ్ రైఫిళ్ళకి ఇదే పూత.

నాలుగోది కోల్డ్ బ్లూ. చిన్న సీసాలో దొరుకుతుంది, దూదితో రాయగానే నల్లబడుతుంది. ఇది నిజమైన నల్ల ఆక్సైడు కాదు. సెలీనియం, రాగి లవణాల వల్ల వచ్చే రంగు. స్క్రూ తలకాయ మీద గీత పడితేనో, అంచు దగ్గర కాస్త తెల్లబడితేనో సర్దుకోవడానికి పనికొస్తుంది. గొట్టమంతా రాస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, కొన్నాళ్ళకి పోతుంది. సెలీనియం విషం. చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

ఈ రోజుల్లో వచ్చే తుపాకులకి నైట్రైడింగ్ చేస్తున్నారు. అంటే 500 డిగ్రీలకి పైగా వేడిలో ఉక్కు పైపొరలోకే నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం. సిరామిక్ కలిపిన పెయింటు కొట్టి ఓవెన్‌లో కాల్చేవీ ఉన్నాయి. ఇవి కొత్త తుపాకులకి బాగుంటాయి. తాతల నాటివాటికి వద్దు.

ఇప్పుడు మా మావయ్య కథ.

మావయ్యది కోనసీమ. కొబ్బరితోటలు, నాలుగు పక్కలా నీళ్ళు, పైన సముద్రపు గాలి. ఆయన దగ్గర ఇంగ్లండులో చేసిన డబుల్ బ్యారెల్ ఉండేది, పన్నెండు బోరుది. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. గొట్టాల మీద నలుపు పోయి, చేతులు పడే చోటల్లా వెండిలా తెల్లబడి, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. నేను సైన్యం నుంచి వచ్చిన కొత్తలో నాకు చూపించాడు. నేను చూసి, "అదెంత పని మావయ్యా, హాట్ బ్లూయింగ్ చేయిస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వి, "ఒరేయ్, నువ్వు మిలట్రీలో వందల తుపాకులు చూశావు. నేను ఈ ఒక్కటే చూశాను. నువ్వెలా అంటే అలా" అన్నాడు.

తీసుకెళ్ళి ఒక షాపులో ఇచ్చాను. వాళ్ళు వద్దనలేదు. నాకు తెలియదు, వాళ్ళకీ తెలియదేమో. వారంలో తిరిగొచ్చింది. అద్దంలా ఉంది. ఊరందరూ చూసిపోయారు.

రెండు నెలలకి మావయ్య కబురు చేశాడు. రెండు గొట్టాల మధ్యన పొడుగ్గా ఒక పట్టీ ఉంటుంది, రిబ్ అంటారు. దాని అంచు వెంబడి తెల్లటి పొడి బయటికొస్తోంది. తుడిస్తే మర్నాడు మళ్ళీ వస్తోంది. దాని పక్కనే ఎర్రటి చార. నేను వెళ్ళి గొట్టాలు విడదీసి, కొక్కేనికి దారంతో వేలాడదీసి, చెక్కతో మెల్లగా కొట్టాను. బాగున్న జోడు గొట్టాలైతే గుడి గంటలా ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఇది పగిలిన కుండలా పలికింది.

ఏం జరిగిందంటే, పాత డబుల్ బ్యారెల్ తుపాకుల్లో ఆ రిబ్బుల్ని సీసం, తగరం కలిపిన టంకంతో అతికిస్తారు. ఆ టంకం కరగాలంటే 180 డిగ్రీలు దాటాలి. హాట్ బ్లూయింగ్ వేడి అంత ఉండదు కదా అని నాలాంటివాడు ధైర్యపడతాడు. కానీ అక్కడ టంకాన్ని తినేది వేడి కాదు, కాస్టిక్. సీసం, తగరం రెండూ వేడి కాస్టిక్‌కి లొంగిపోతాయి. టంకం లోపలనుంచి తినేసుకుంటూ పోయింది. పైగా రిబ్బు కింద ఉన్న ఖాళీలోకి ఆ ఉప్పు ద్రావణం దూరి అక్కడే ఉండిపోయింది. పైన అద్దంలా మెరుస్తుంటే లోపల ఉప్పు తన పని తాను చేసుకుపోతోంది. కడిగితే పోదు. రిబ్బులు ఊడదీసి, శుభ్రం చేసి, మళ్ళీ అతికించాలి. అది తెలిసిన చేతులు మాకు దగ్గరలో దొరకలేదు.

అదే తుపాకీకి స్లో రస్ట్ పద్ధతి వాడి ఉంటే మరిగే నీళ్ళ వేడి మాత్రమే తగిలేది, కాస్టిక్ అన్న మాటే ఉండేది కాదు. ఇంకా నిజం చెప్పాలంటే, ఏమీ చేయకుండా తుప్పు చుక్కలు తీసి నూనె రాసి ఉన్నా ఈ రోజుకీ పేలుతూ ఉండేది.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "పోన్లేరా" అన్నాడంతే. ఆ తుపాకీ మళ్ళీ పేలలేదు. ఆయన తర్వాత వాళ్ళబ్బాయి దాన్ని డీలరు దగ్గర అప్పజెప్పేశాడు. నా అనుభవమంతా సైన్యం తుపాకుల మీద వచ్చింది. వాటిలో టంకం ఉండదు. ఒక రకం తుపాకీ తెలిసినవాడికి అన్నీ తెలుసనుకోవడం నా తప్పు. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఇదే.

కాబట్టి మీరు ఎవరికైనా తుపాకీ ఇచ్చేముందు ఈ మాట అడగండి. "దీనికి ఏ పద్ధతి వాడతారు? ఇందులో టంకం ఉందా?" జవాబు తడబడితే తుపాకీ వెనక్కి తెచ్చుకోండి.

ఇంకా కొన్ని చోట్ల చెయ్యి పెట్టకూడదు.

ఒకటి, నంబరు. మెరుగు పెట్టడమంటే ముందు పాత పొర తీసేయాలి. దానికి బఫింగ్ చక్రం పెడతారు. అజాగ్రత్తగా పెడితే అంచులు గుండ్రమైపోతాయి, చెక్కిన అక్షరాలు చెరిగిపోతాయి, పరీక్షించి వేసిన ప్రూఫ్ ముద్రలు పోతాయి. సీరియల్ నంబరు చెరిగితే అది అందం సమస్య కాదు, చట్టం సమస్య. నంబరు చెరపడం నేరం. చెరిగిన నంబరున్న తుపాకీ మీ దగ్గర దొరికితే మీరే చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది మీరు. అందుకే పనికి ఇచ్చేముందు, తీసుకున్నాక కూడా లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిచూసుకోండి. ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు, గుంటలు. తుప్పు గుంట మాయమవ్వాలంటే దాని లోతు వరకూ చుట్టూ ఉన్న ఉక్కుని అరగదీయాలి. షాట్‌గన్ గొట్టం అసలే పల్చన. గోడ ఇంకా పల్చబడితే కాల్చేటప్పుడు ప్రమాదం. చిన్న గుంటలతో బతకడం నయం.

మూడు, డమాస్కస్ గొట్టాలు. మన నిర్మల్, కోనసముద్రం ప్రాంతాల ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి డమాస్కస్ కత్తులుగా పేరు తెచ్చుకుంది. తుపాకుల్లో డమాస్కస్ అంటే అది వేరే పని. ఇనుము, ఉక్కు బద్దలు మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికించి గొట్టం చేసేవారు. వాటి మీద పాముచర్మంలాంటి వరసలు కనిపిస్తాయి. బ్రౌనింగ్ చేస్తే అవి తేలతాయి. బఫింగ్ చేసి హాట్ బ్లూ చేస్తే ఆ అందం అంతా పోతుంది. అవి బ్లాక్ పౌడర్ కాలం నాటివి. ఎంత శుభ్రంగా ఉన్నా ఇప్పటి తూటాలు వాటిలో పెట్టవద్దు. గోడకి వేలాడాల్సినవి అవి.

నాలుగు, రంగురంగుల యాక్షన్. కొన్ని పాత తుపాకుల్లో గొట్టాలు బిగించే ఉక్కు దిమ్మ మీద నీలం, గోధుమ, ఊదా కలిసిన మేఘాల్లాంటి రంగులుంటాయి. ఎముకల బొగ్గు, కట్టెల బొగ్గు మధ్య పెట్టి కాల్చి, నీళ్ళలో ముంచితే వచ్చేవి. పైపొరని గట్టిపరచడానికి చేసిన పని అది, రంగు దాని వెంట వచ్చింది. మరక అనుకుని తోమేస్తే మళ్ళీ తేలిగ్గా తిరిగి రాదు. మళ్ళీ కాలిస్తే ఆ భాగం వంకరపోవచ్చు.

ఇప్పుడు రోజువారీ పని. ఇది చేస్తే పైన చెప్పినవేవీ మీకు అవసరం పడవు.

ముట్టుకున్న ప్రతిసారీ తుడవండి. మెత్తటి నూలు గుడ్డకి కాస్త నూనె పట్టించి, మీ చేతులు పడిన చోటల్లా రుద్ది పెట్టండి. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషను నూనె కూడా నయమే. వంటనూనెలు వద్దు, అవి కొన్నాళ్ళకి జిగురవుతాయి. కొబ్బరినూనె అసలే వద్దు, చలికాలం గడ్డకడుతుంది, పాతబడితే కంపు కొడుతుంది. డబ్ల్యూడీ-40 అందరింట్లో ఉంటుంది. దాని పేరులోనే ఉంది, నీటిని తరిమేందుకు నలభయ్యోసారి చేసిన ప్రయత్నం అని. వానలో తడిసిన తుపాకీలోంచి నీరు తోలడానికి మంచిదే. తర్వాత దాన్ని తుడిచి అసలైన నూనె రాయాలి. నూనె కూడా పల్చగా చాలు. కారేలా పోస్తే మడమ చెక్కలోకి ఇంకి, చెక్క మెత్తబడిపోతుంది. అందుకే కొందరు నిలవబెట్టేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండేలా పెడతారు.

కాల్చిన రోజునే శుభ్రం చేయండి. ఇక్కడ ఒక పాత సంగతి చెప్తాను. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలు చూసిన త్రీనాట్‌త్రీ రైఫిల్ ఉంది కదా, ఆ కాలం నాటి తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేటు ఉండేది. కాలితే అది పొటాషియం క్లోరైడు అవుతుంది. అంటే మన వంట ఉప్పుకి తమ్ముడు. గాలిలో తేమ లాక్కుని గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. నూనె ఎంత రాసినా పోదు, ఉప్పు నూనెలో కరగదు కదా! నీళ్ళలోనే కరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో సైనికులు గరాటు పెట్టి గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోసేవారు, ఆ వేడికి గొట్టం దానంతటదే ఆరేది, తర్వాత నూనె. ఇప్పటి ఫ్యాక్టరీ తూటాల్లో చాలావాటికి ఆ బాధ లేదు. కానీ పాత సరుకు కాలిస్తే ఇదే మందు.

తోలు సంచిలో దాచకండి. కాన్వాస్ సంచి కూడా అంతే. చూడ్డానికి భద్రంగా ఉంటుంది గానీ తోలు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసినప్పటి రసాయనాలూ అందులో ఉంటాయి. తుపాకీ మోసుకెళ్ళడానికే సంచి. బీరువాలో సిలికా జెల్ పెట్టండి, అది తేమ పీల్చి రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడండి. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తేగానే చల్లటి ఉక్కు మీద నీరు పడుతుంది, మంచినీళ్ళ గ్లాసు మీద పట్టినట్టు. అప్పుడు తుడవకుండా మళ్ళీ లోపల పెట్టడం చాలామంది చేసే తప్పు.

మన దేశంలో ఇంకొకటి కూడా ఉంది. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయమంటారు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది తిరిగి రావడానికి. అక్కడ దాన్ని తుడిచే దిక్కు ఉండదు. అది వాళ్ళ పని కూడా కాదు. కాబట్టి ఇచ్చే ముందురోజు మీరే శుభ్రం చేసి, గొట్టం లోపలా బయటా పల్చగా గ్రీజు రాసి, తుప్పు నిరోధక కాగితంలో చుట్టి ఇవ్వండి. మిషన్ విడిభాగాలు చుట్టి వస్తాయి చూడండి, వీసీఐ కాగితం అంటారు, అది. తిరిగి తెచ్చుకున్న రోజునే విప్పి చూడండి. గొట్టంలో గ్రీజు పూర్తిగా తీసేయకుండా కాల్చకూడదు. అది మర్చిపోవద్దు.

ఇక ఇప్పటికే తుప్పు పడితే ఏం చేయాలి? గరుకు కాగితం పక్కన పెట్టేయండి. తుప్పు ఉన్న చోట నూనె గానీ కిరోసిన్ గానీ పట్టించి ఒక రాత్రి నానబెట్టండి, దీపానికీ పొయ్యికీ దూరంగా. పొద్దున్నే రాగి ముక్క అంచుతో మెల్లగా గీకండి. రాగి ఉక్కు కన్నా మెత్తన, కాబట్టి తుప్పు లేస్తుంది, ఉక్కు మీద గీత పడదు. కంచు ఊలు గానీ, నాలుగు సున్నాల నంబరు స్టీల్ ఊలు గానీ నూనెతో కలిపి తేలిగ్గా రుద్దవచ్చు. రంగు పోతుందేమో మధ్యమధ్యలో చూసుకోండి. ఎర్రదనం గుడ్డకి అంటడం ఆగిపోతే మీ పని అయిపోయినట్టే. గొట్టమంతా ఎర్రబారితే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి, భాగాలు విప్పి డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించగలరా అని అడగండి. పైన చెప్పాను కదా, మరిగే నీళ్ళు ఎర్ర తుప్పుని నల్లగా మారుస్తాయి. బతుకున్న తుప్పు అక్కడితో ఆగుతుంది, పాత రంగు కొంత తిరిగొస్తుంది, ఉక్కు ఏమాత్రం పోదు. ఇంత మంచి వైద్యం ఉందని చాలామందికి తెలియదు. వాడకుండా కేవలం దాచుకునే పాత తుపాకులకి పైన మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాయవచ్చు. మ్యూజియంలలో ఇనప వస్తువులకి రాసేది అదే.

ఇదంతా చేసి నెల ఆగండి. రోజూ ఒకసారి చూడండి. తుప్పు తిరిగి రాకపోతే ఆ తుపాకీకి మెరుగు అవసరమే లేదు. అప్పటికీ చేయించాలనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. తుప్పు ఆగిందా? ఇందులో టంకం గానీ, డమాస్కస్ గొట్టం గానీ, రంగుల యాక్షన్ గానీ ఉందా? నంబరు, ముద్రలు చెరగకుండా చేసే చెయ్యి దొరికిందా? మూడింటికీ నికరమైన జవాబు ఉంటేనే ముందుకెళ్ళండి.

మా తాతగారి చెయ్యి పడి పడి తెల్లబడిన చోటు తుప్పు కాదు. ఆయన పట్టుకున్న గుర్తు అది. దాని మీద నూనె గుడ్డ చాలు. మావయ్య తుపాకీ మీద అలాంటి గుర్తే ఉండేది. నేనే దాన్ని అద్దంలా చేయించాను.

వచ్చే ఎపిసోడ్‌లో మడమ చెక్క గురించి, దానికి పట్టించే అవిశె నూనె గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ బీరువా తీసి, ఒకసారి ఆ గొట్టం మీద వేలు పెట్టి చూడండి. వేలు ఎర్రబడితే ఈ రాత్రే పని మొదలుపెట్టండి.